ఓమాహా తీరంలో 352వ జర్మన్ పదాతి డివిజన్: ప్రచారంలో ఉన్నదెంత, జరిగినదెంత

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 1944 జూన్ 6న నార్మండీలో మిత్రరాజ్యాల సేనలు దిగిన ఐదు తీరాల్లో ఓమాహాలోనే అమెరికన్లకు అంత ప్రాణనష్టం జరగడానికి, తూర్పు రంగంలో ఆరితేరిన 352వ జర్మన్ పదాతి డివిజన్ ఎవరికీ తెలియకుండా అక్కడికి వచ్చి కాచుకుని ఉండడమే కారణమా అన్నది మొదటిది. ఆ డివిజన్ వేసవిలోనే తుడిచిపెట్టుకుపోయిందని చదివాక, అదే సంఖ్య డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో జర్మన్లు చేసిన ఎదురుదాడిలో మళ్ళీ ఎలా కనబడుతోందన్నది రెండవది. మొదటి ప్రశ్నలోనే మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి కనుక దానికి ఎక్కువ చోటు పడుతుంది. ఆ డివిజన్ అక్కడ ఉన్న మాట నిజం. అది ఆరితేరిన దళమన్నది నిజం కాదు. డివిజన్ అంతా ఓమాహా తీరంలోనే మోహరించి ఉందన్నది అసలే నిజం కాదు.

ముందు దాని పుట్టుక చూద్దాం. 352వ డివిజన్ 1943 నవంబరులో నార్మండీలోని సాన్-లో పట్టణ పరిసరాల్లో ఏర్పడింది. రష్యాలో నలిగిపోయి రద్దయిన 268వ, 321వ డివిజన్లలో మిగిలిన అధికారులూ, సార్జెంట్లూ, సాంకేతిక సిబ్బందీ దానికి ఎముకల గూడు. దాని మీద కండగా పోసినది కొత్తగా పిలుపు అందుకున్న, పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని కుర్రాళ్ళను. తూర్పు రంగంలో పట్టుబడి జర్మన్ సైన్యంలో సహాయకులుగా చేరిన సోవియట్ ప్రజలు కూడా ఇందులో వెయ్యి మందికి పైగా ఉన్నారు. అధిపతి జనరల్ డీట్రిహ్ క్రైస్ 1889లో పుట్టినవాడు, మొదటి ప్రపంచ యుద్ధం చూసినవాడు, రష్యాలో 168వ, 355వ డివిజన్లను నడిపినవాడు. అందువల్ల అనుభవం తలలో ఉంది, కాళ్ళలో లేదు. "తూర్పు రంగపు అనుభవజ్ఞులు" అన్న మాట ఈ తల ఒక్కదాన్నే చూసి పుట్టింది.

ఈ కుర్రాళ్ళ స్థితి గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం డివిజన్ కార్యకలాపాల అధికారి ఫ్రిట్జ్ జీగెల్‌మాన్ యుద్ధానంతరం ఖైదీగా ఉన్నప్పుడు అమెరికన్ సైన్యం కోసం రాసి ఇచ్చిన నివేదికల నుంచి వచ్చింది. అవి జ్ఞాపకం మీద ఆధారపడి రాసినవి. ఓడిన సైన్యపు అధికారి తన దళాన్ని వెనకేసుకు రావడం సహజం కాబట్టి వాటిని జాగ్రత్తగా చదవాలి. అయినా వాటిలోని చిన్న చిన్న సంగతులు కల్పించవలసిన అవసరం లేనివి. జర్మనీలో తిండి కొరత మధ్య పెరిగిన ఆ యువకులు బరువులు మోస్తూ దూరాలు నడవలేకపోయేవారనీ, వాళ్ళకు అదనంగా పాలు సమకూర్చడానికే డివిజన్ అవస్థ పడిందనీ ఆయన రాశాడు. 1944 మార్చి నాటికి ఒక్కొక్క సైనికుడు విసిరిన చేతిబాంబులు రెండే, నిజమైన తూటాలతో చేసిన అభ్యాసాలు మూడే. డ్రైవర్లకు బండి నేర్పడానికి ఇంధనం లేదు. అధికారుల్లో ఇంచుమించు సగం మంది యుద్ధమన్నది చూడలేదు. ఇటువంటి దళాన్ని ఆరితేరినదని పిలవడానికి నాకు మనసొప్పదు.

అయితే దాన్ని పనికిరాని దళమని కొట్టి పారేయడమూ అంతే తప్పు. ఆ తీరంలో అంతకుముందు నుంచి ఉన్న 716వ డివిజన్ కదలలేని దళం; వాహనాలు లేవు, వయసు మళ్ళినవారూ, తూర్పు దేశాల నుంచి చేర్చుకున్నవారూ అందులో ఎక్కువ. దాని పక్కన 352వది దాదాపు 12,700 మందితో, 1944 నాటి కొత్త పద్ధతి ప్రకారం రెండేసి బెటాలియన్ల రెజిమెంట్లు మూడింటితో, విడిగా ఒక ఫ్యూజిలియర్ (గస్తీకీ రిజర్వుకూ వాడే పదాతి) బెటాలియన్‌తో, పూర్తి ఫిరంగి దళంతో ఏర్పడిన నిజమైన యుద్ధ డివిజన్. 914, 915, 916 అన్నవి ఆ మూడు రెజిమెంట్ల సంఖ్యలు. మిగతా కథలో వీటిని గుర్తుంచుకోవాలి. నా అభిప్రాయంలో దీని అసలు బలం పదాతి దళంలో కాదు, ఫిరంగుల్లో ఉంది. 105 మిల్లీమీటర్ల హోవిట్జర్ల (గుండును ఎత్తుగా విసిరే ఫిరంగుల) బెటాలియన్లు మూడూ, 150 మిల్లీమీటర్లవి ఒకటీ దానికి ఉన్నాయి. తీరంలో ఏ గజం మీద గుండు పడాలో ముందే కొలిచి, గుర్తులు పెట్టుకుని ఉన్నారు.

మార్చి మధ్యలో, ఆ తీర రక్షణ చూస్తున్న ఫీల్డ్ మార్షల్ రొమ్మెల్ ఆదేశం మీద ఈ డివిజన్ సాన్-లో నుంచి సముద్రం ఒడ్డుకు కదిలింది. శత్రువును నీటి అంచునే ఆపాలి, లోపలికి రానిస్తే మిత్రరాజ్యాల విమానాల కింద ఏ రిజర్వు దళమూ సమయానికి చేరలేదన్నది రొమ్మెల్ నమ్మకం. ఆ నమ్మకం వల్ల క్రైస్ చేతికి వచ్చిన తీరం సుమారు 50 కిలోమీటర్ల పొడవు, పడమట వీర్ నది ముఖం నుంచి తూర్పున ఆరోమాంష్ దాకా. పాఠ్యగ్రంథాల ప్రకారం ఒక డివిజన్ కాపాడగలిగిన వెడల్పుకు ఇది ఎన్నో రెట్లు. పైగా తర్ఫీదు పొందవలసిన కుర్రాళ్ళు రోజంతా కూలిపనిలో పడ్డారు. ఇసుకలో అడ్డంకులుగా పాతడానికి దుంగలను లోపల దూరాన ఉన్న సెరిసీ అడవిలో చేత్తో కోసి, గుర్రపు బండ్ల మీద తెచ్చి, చేత్తోనే పాతారు. ఈ తీరానికి కోటి మందుపాతరలు కావాలని లెక్క వేస్తే, మనుషులను చంపే రకం వచ్చినవి పది వేలు. తుపాకీ పట్టవలసిన చేతులు పార పట్టి గడిపిన ఆ రెండున్నర నెలలు జూన్‌లో పొదల మధ్య పోరాటం మొదలైనప్పుడు ఎంత ఖరీదు చేశాయో తరువాత వస్తుంది.

ఇక గూఢచార వైఫల్యం సంగతి. మిత్రరాజ్యాల వారికి 352వ డివిజన్ ఉన్న సంగతి తెలుసు. అది సాన్-లో దగ్గర, సముద్రానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల ఉందని వాళ్ళ లెక్క. మార్చిలో జరిగిన కదలిక చాలాకాలం వాళ్ళకు ఖాయంగా అందలేదు. సందేశాలు మోసే పావురాలను జర్మన్ సైనికులు కాల్చి పడగొట్టిన సంగతి జీగెల్‌మాన్ ప్రస్తావించాడు. జూన్ మొదటి రోజుల్లో బ్రిటిష్ విశ్లేషకుల సంక్షిప్త నివేదికలో ఆ డివిజన్ ముందుకు వచ్చి ఉండవచ్చునన్న అనుమానం కనబడింది గానీ, అప్పటికే అమెరికన్ దళాలు ఓడల్లోకి ఎక్కి ఉన్నాయి. కాబట్టి ఎవరికీ తెలియదు అనడం కంటే, తెలిసినవారికి ఆలస్యంగా తెలిసింది, తెలియవలసిన సైనికులకు చేరలేదు అనడం సరైనది.

అయితే ముందే చేరి ఉంటే ఏమైనా మారేదా? నాకు అనుమానమే. ఎందుకంటే ఓమాహా తీరం ఎదుట ఆ ఉదయం నిలిచినవారిలో పెద్ద భాగం 352వ డివిజన్ వారు కారు. మార్చిలో ఆ తీరం చేతులు మారినప్పుడు 716వ డివిజన్‌కు చెందిన 726వ రెజిమెంటు ఉన్నచోటనే ఉండి 352వ డివిజన్ ఆజ్ఞల కిందికి వచ్చింది. కొండ గట్టు మీద ఉన్న కాంక్రీటు స్థావరాల్లో ఎక్కువ వాటిని కాపాడింది ఆ పాత దళమే. 916వ రెజిమెంటు అధిపతి కర్నల్ గోత్ త్రెవియేర్‌లో కూర్చుని ఈ భాగాన్ని చూసుకున్నాడు గానీ, ఆయన రెండు బెటాలియన్లలో ఒకటి తూర్పున, తరువాత బ్రిటిష్ వారు దిగిన గోల్డ్ తీరం వైపు ఉంది. మిగిలిన దానిలో అంచు దాకా వచ్చినవి కొద్ది కంపెనీలు. 914వ రెజిమెంటు పడమట ఇసిన్యీ వైపు నదీముఖాన్ని కాస్తోంది. 915వది బాయూ దగ్గర రిజర్వులో ఉంది. కొల్విల్ దగ్గరి 62వ సంఖ్య స్థావరం ఈ కలగాపులగానికి మంచి ఉదాహరణ: అక్కడి నలభై మందికి అటూ ఇటూగా ఉన్నవారిలో ఎక్కువమంది 716వ డివిజన్ వారు, పదిపన్నెండు మంది 352వ ఫిరంగి దళపు పరిశీలకులు.

ఆ పరిశీలకుల్లో ఒకడైన హైన్‌రిహ్ సెవర్లో వృద్ధాప్యంలో ప్రసిద్ధుడయ్యాడు. తాను ఒక్క మెషిన్‌గన్‌తో వేల తూటాలు కాల్చి వెయ్యి మందికి పైగా అమెరికన్లను పడగొట్టానన్నది ఆయన మాట. ఆయన అక్కడ ఉన్నాడు, గంటల తరబడి కాల్చాడు, అందులో సందేహం లేదు. కానీ ఎనిమిది కిలోమీటర్ల తీరం మొత్తం మీద ఆ రోజు అమెరికన్ నష్టం, చనిపోయినవారూ గాయపడినవారూ కనబడకుండా పోయినవారూ కలిపి, చాలాకాలం 2,400గా లెక్కించారు. తరువాతి పరిశోధకులు ఇంకా ఎక్కువ వేశారు. ఏ లెక్క తీసుకున్నా, అన్ని స్థావరాల నుంచీ మోర్టార్లు, ఫిరంగులు, మెషిన్‌గన్లు కురిపించిన నష్టంలో అంత వాటా ఒక్క మనిషి ఖాతాలో వేయడం సాధ్యం కాదు. ప్రశ్నించే వారు ఈ కథను ఆధారంగా చూపినప్పుడల్లా ఈ లెక్క గుర్తు చేయవలసి వస్తోంది.

ఓమాహా అలా ఎందుకు జరిగిందన్నదానికి నేల తీరే మొదటి కారణం. మిగతా తీరాల్లా కాక ఇక్కడ ఇసుక వెనుక ముప్పై నుంచి యాభై మీటర్ల ఎత్తున గట్టు నిలబడి ఉంటుంది, రెండు చివరలా ముందుకు వంగి ఉంటుంది. లోపలికి పోవడానికి ఐదు లోయదారులే గతి. ఆ ఐదింటి మీదా స్థావరాలు ఉన్నాయి, వాటి ఫిరంగులు సముద్రంవైపు కాక తీరం పొడవునా పక్కకు గురిపెట్టి ఉన్నందున ఓడల నుంచి కనబడవు. రెండవది, తెల్లవారుజామున వచ్చిన 329 బి-24 బాంబర్లు మబ్బుల మీదుగా, తమ పడవల మీద పడతాయేమోనన్న భయంతో కొన్ని క్షణాలు ఆలస్యంగా బాంబులు వదిలాయి; అవన్నీ కిలోమీటర్ల దూరాన పొలాల్లో పడ్డాయి. స్థావరాల్లో ఒక్కదానికీ చెప్పుకోదగ్గ దెబ్బ తగలలేదు. మూడవది, 741వ ట్యాంకు బెటాలియన్ అలల్లోకి వదిలిన 29 తేలియాడే ట్యాంకుల్లో 27 మునిగిపోయాయి. ఉదయం ఆరున్నరకు 1వ, 29వ అమెరికన్ డివిజన్ల మొదటి వరుస ఇసుకలోకి దిగినప్పుడు దాని ముందు చెక్కుచెదరని తుపాకులున్నాయి, వెంట అనుకున్నన్ని ట్యాంకులు లేవు. ఈ పరిస్థితుల్లో గట్టు మీద 716వ డివిజన్ మాత్రమే ఉన్నా నష్టం భారీగానే ఉండేది. 352వ డివిజన్ దానికి కలిపినది ముఖ్యంగా కొలతలు సిద్ధం చేసుకున్న ఫిరంగి కాల్పులు. అవి కూడా మధ్యాహ్నానికి గుండ్ల కొరతతో పలచబడ్డాయి, దారుల మీద విమానాలు తిరుగుతున్నందున కొత్త నిల్వలు రాలేదు.

నన్ను అడిగితే ఆ రోజు 352వ డివిజన్ కథలో అసలు ఘట్టం తీరంలో జరగలేదు, బాయూ నుంచి పడమటికీ మళ్ళీ తూర్పుకూ పోయిన దారుల మీద జరిగింది. 915వ రెజిమెంటూ ఫ్యూజిలియర్ బెటాలియనూ కలిసి లెఫ్టినెంట్ కర్నల్ కార్ల్ మేయర్ కింద కోరు (కొన్ని డివిజన్లు కలిసిన పై దళం) రిజర్వుగా ఉండేవి. అంటే ఆ రంగంలో వెంటనే ఎదురుదాడి చేయగల పదాతి బలం అదొక్కటే. తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలకు, కారెంతాన్ వైపు అమెరికన్ పారాచూట్ దళాలు దిగుతున్నాయన్న వార్తల మీద వాళ్ళను పడమటికి పంపారు. సైకిళ్ళ మీదా, పాత ఫ్రెంచి లారీల మీదా వాళ్ళు చీకట్లో బయలుదేరారు. మూడు గంటలైనా కాకముందే, ఆ పారాచూట్ దళాలు అనుకున్నంత పెద్దవి కావని తేలి, ఆగమని ఆజ్ఞ వచ్చింది. ఆ ఆజ్ఞ అందడానికి ఇంకొంత సమయం పట్టింది. ఆ తరువాత వాళ్ళలో ఒక బెటాలియన్‌ను కొల్విల్ వైపు ఓమాహాకు మళ్ళించి, మిగతా వారిని తాము రాత్రి వదిలి వచ్చిన చోటికే, బ్రిటిష్ 50వ డివిజన్ గోల్డ్ తీరంలో చొచ్చుకొస్తున్న దిక్కుకు పంపారు. పగటి వెలుగులో విమానాల కింద ఆ ప్రయాణం సాగింది. సాయంత్రానికి వీలే-ల్-సెక్ పరిసరాల్లో మేయర్ చనిపోయాడు, ఆయన దళం చెదిరిపోయింది. పద్నాలుగు గంటలు రోడ్ల మీద తిరిగి, ఏ తీరంలోనూ సమయానికి పనికిరాకుండా పోయిన బలం అది.

ఆ విభజనకు కారణం తెలిస్తే క్రైస్ మీద తీర్పు కొంత మెత్తబడుతుంది. వియర్విల్ పైన కొండకొన మీద ఉన్న స్థావరం అధికారి ఉదయం ఫోనులో చెప్పినదేమంటే, శత్రువు నీటి అంచునే ఆగిపోయాడు, ట్యాంకులు తగలబడుతున్నాయి, సైనికులు అడ్డంకుల వెనుక నక్కి ఉన్నారు. ఆయన కళ్ళకు కనబడినది అబద్ధం కాదు. కానీ అదే సమయానికి స్థావరాల మధ్య ఖాళీల్లో చిన్న చిన్న గుంపులుగా అమెరికన్లు గట్టు ఎక్కుతున్నారు, వాళ్ళ డిస్ట్రాయర్లు నేల తగిలేంత దగ్గరికి వచ్చి స్థావరాలను ఒక్కొక్కటిగా కొడుతున్నాయి. ఓమాహా నిలిచింది, గోల్డ్ కూలుతోంది అనుకున్న అధిపతి రిజర్వును గోల్డ్‌కు పంపడం తర్కానికి నిలుస్తుంది. ఆధారమైన వార్తే పాతబడిపోయింది. సాయంత్రానికి డివిజన్ నష్టం దాదాపు 1,200 మంది అని జీగెల్‌మాన్ లెక్క. చనిపోయిన వారు 200, గాయపడినవారు 500, ఏమైందో తెలియనివారు 500. పూరించడానికి వెనుక ఎవరూ లేరు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. వీర్ నదీముఖం దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక పడవలో అమెరికన్ 5వ కోరు పూర్తి ప్రణాళిక డివిజన్ చేతికి చిక్కింది. ఏ రోజున ఏ దళం ఎక్కడికి చేరాలో, ఎంత సామగ్రి దిగాలో అందులో ఉంది. దాన్ని చేతుల్లోకి తీసుకున్న క్షణం తన సైనిక జీవితంలో మరచిపోలేనిదని జీగెల్‌మాన్ రాసుకున్నాడు. శత్రువు రేపు ఏం చేయబోతున్నాడో కాగితం మీద కనబడుతున్నా, దాన్ని ఆపడానికి ఒక తాజా బెటాలియన్ లేని స్థితిని ఇంతకంటే స్పష్టంగా చూపే ఘటన నాకు తెలియదు. జూన్ 8 రాత్రి క్రైస్ తన మిగిలిన దళాన్ని ఓర్ నది పల్లపు నేలల అవతలికి వెనక్కు లాగాడు. 9న ఇసిన్యీ 29వ అమెరికన్ డివిజన్ చేతికి పోయింది. వీళ్ళ పై అధికారి, కోరు అధిపతి జనరల్ ఎరిష్ మార్క్స్ 12న విమాన దాడిలో చనిపోయాడు.

ఆ తరువాతి ఆరు వారాల యుద్ధానికి పుస్తకాల్లో దక్కే చోటు చాలా తక్కువ, కానీ ఈ డివిజన్ నిజంగా చనిపోయింది అక్కడ. సాన్-లోకు ఉత్తరాన పొలాల చుట్టూ మనిషెత్తు మట్టిగట్లు, వాటి మీద చెట్లు, మధ్య లోతైన బండిబాటలు. ప్రతి పొలమూ ఒక చిన్న కోట. దాడి చేసేవాడి ట్యాంకూ విమానమూ అక్కడ సగం బలమే చూపుతాయి కనుక, అరకొర తర్ఫీదు పొందిన కుర్రాళ్ళు కూడా ఒక మెషిన్‌గన్, ఒక మోర్టార్‌తో రోజంతా నిలవగలిగారు. కానీ నిలిచిన ప్రతి రోజూ కొంతమంది తరిగిపోయారు. జులై రెండవ వారానికి డివిజన్ నష్టాలు ఏడు వేలు దాటాయి. చేరిన కొత్తవారు అందులో చిన్న భాగం. సొంత రెజిమెంట్లు బెటాలియన్ల స్థాయికి కుంగిపోతే, 266వ, 353వ డివిజన్ల ముక్కలనూ, సైకిళ్ళ మీద వచ్చిన 30వ బ్రిగేడునూ కలుపుకుని క్రైస్ వరుస నిలబెట్టాడు. జులై 18న అమెరికన్లు సాన్-లోలోకి ప్రవేశించారు. 25న మొదలైన భారీ బాంబుదాడితో ఆ రంగమంతా తెగిపోయింది. ఆగస్టు 2న తీవ్రంగా గాయపడిన క్రైస్ 6న మరణించాడు. తీరంలో యుద్ధం మొదలై సరిగ్గా రెండు నెలలు. తీరం వెనుకనే ఉన్న లా కాంబ్ శ్మశానంలో ఇప్పుడు 21,000 మందికి పైగా జర్మన్ సైనికులు ఉన్నారు. కొల్విల్ గట్టు మీది అమెరికన్ శ్మశానంలో 9,000 పైచిలుకు సమాధులు. రెండు చోట్లా రాళ్ళ మీద పుట్టిన సంవత్సరాలు చూస్తే ఆ డివిజన్‌లో ఎవరుండేవారో, దాని ఎదుట ఎవరున్నారో ఏ పట్టికా చెప్పనంత సూటిగా తెలుస్తుంది.

ఇక రెండవ ప్రశ్నకు సమాధానం క్లుప్తంగా చెప్పవచ్చు. జర్మన్ సైన్యం నాశనమైన డివిజన్ సంఖ్యను పారేయకుండా కొత్త దళానికి తగిలించే పద్ధతి పాటించింది. 1944 సెప్టెంబరులో ఫ్లెన్స్‌బుర్గ్ దగ్గర, అప్పటికి ఏర్పడుతున్న 581వ దళానికి 352వ ఫోక్స్‌గ్రెనడియర్ (యుద్ధం చివర్లో హడావుడిగా నింపిన పదాతి) డివిజన్ అని పేరు పెట్టారు. ఓడలు లేని నౌకాదళం నుంచీ, విమానాలు లేని వైమానిక దళం నుంచీ తీసుకువచ్చిన మనుషులను నింపి నిలబెట్టిన దళాల్లో అది ఒకటి. నార్మండీలో ఉన్నవారితో దానికి ఉన్న బంధం సంఖ్యదీ, కొద్దిమంది మిగిలిన వారిదీ. డిసెంబరు 16న అది 7వ సైన్యంలో, 85వ కోరు కింద, ఎరిష్-ఓటో ష్మిట్ నాయకత్వంలో ఊర్ నది దాటి లక్సెంబర్గ్‌లోకి దిగింది. ఎదుట ఉన్నది 28వ అమెరికన్ డివిజన్‌కు చెందిన 109వ రెజిమెంటు. దీకిర్ష్, ఎట్టెల్‌బ్రుక్ పట్టణాలు దాటి కొంత ముందుకు సాగాక, ఆ వారాంతంలో దక్షిణం నుంచి వచ్చిన 80వ అమెరికన్ డివిజన్ దాని పొడవాటి వరుసను పక్క నుంచి కొట్టింది. ష్మిట్ గాయపడ్డాడు, ముందుకు పోయినవారు అడవుల గుండా చిన్న గుంపులుగా వెనక్కు వచ్చారు. మీరు చదివిన పుస్తకంలో ఈ రెండు దళాల నష్టాలను కలిపి ఒకే పట్టికలో వేసి ఉంటే, సెప్టెంబరు దగ్గర ఒక గీత గీసుకుని చదవండి; ఆ గీతకు పైనున్నవారిలో కిందికి వచ్చినవారు చాలా కొద్దిమంది.